బోర్డరు మీద నిలిచి, నిన్ను గూర్చి నీవేమనుకొనుచున్నావు?

ఈ వారము మనము ఆలోచించబోయే అంశము కొందరికి ఆశ్చర్యము కలిగించవచ్చును. ఇది షుగరు వ్యాధిని గూర్చిన మాట. ఇంకా సరిగా చెప్పాలంటే, షుగరు ఇంకా రాకపోయినా, వచ్చే ప్రమాదము దగ్గరలో ఉన్నవారిని గూర్చిన మాట. మన సంఘములలో ఏ ఆదివారము చూచినా అటువంటివారు ఒక్కరైనా మన ప్రక్కన కూర్చుని ఉంటారు. ఒకవేళ అది మీరే కావచ్చును.

పరగడుపున ల్యాబులో రక్తము ఇచ్చి, సాయంత్రము కాగితము తెచ్చుకున్నారనుకొనండి. దానిమీద 114 అని ఉన్నది. డాక్టరుగారు చూచి, "షుగరు రాలేదు గాని బోర్డరులో ఉన్నారు. రోజూ నడవండి, అన్నము కాస్త తగ్గించండి" అని చెప్పి పంపించారు. ఇంటికి వచ్చిన తరువాత ఆ కాగితమును గూర్చి మీ మనస్సులో మీరు ఏమని చెప్పుకున్నారు?

ఒకరు, "హమ్మయ్య, నాకు షుగరు లేదు" అని కాగితము బీరువాలో పెడతారు. మరొకరు, "పొద్దస్తమానము పనిచేస్తూనే ఉన్నాను గదా, ఇంకా నడిచేదేమిటి?" అంటారు. ఇంకొకరు, "నాన్నకు ఉన్నది, అమ్మకు ఉన్నది, నాకు రాక మానుతుందా? నడిస్తే ఆగుతుందా?" అని నిట్టూర్చుతారు. కాగితము ఒక్కటే, సంఖ్య ఒక్కటే, తలంపులు మూడు. కాని ఈ ముగ్గురూ చివరకు చేసేది ఒక్కటే. ముగ్గురూ నడవరు.

చూచారా! నడవకపోవుటకు కారణము కాళ్లలో కంటె తలంపులో ఎక్కువగా ఉన్నది. మనలను గూర్చి మనము ఏమనుకొనుచున్నామో అది మన కాళ్లను కదిలించును, లేక కట్టివేయును. కాళ్లు కదలనారంభిస్తే ఆ తలంపు కూడ మారును. ఈ రెండు సంగతులను ఈ దినము కలిపి ఆలోచించుదము.

బోర్డరు అంటే ఏమిటి?

పరగడుపున రక్తములో గ్లూకోజు 100 మిల్లీగ్రాములకు లోపల ఉంటే అది మామూలు. 126, ఆ పైన ఉంటే షుగరు వ్యాధి. ఈ రెంటికి నడుమ, 100 నుండి 125 వరకు ఉన్న దానినే చాలామంది డాక్టర్లు బోర్డరు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రము ఈ మెట్టును 110 దగ్గర మొదలుపెట్టును. గ్లూకోజు నీళ్లు త్రాగించి రెండు గంటల తరువాత చేసే పరీక్షలో 140 నుండి 199 వరకు వచ్చినా, మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షలో 5.7 నుండి 6.4 శాతము వరకు వచ్చినా బోర్డరే.

ఇటువంటివారు మన దేశములో ఎంతమంది ఉన్నారు? భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యములో లక్షా పదమూడు వేలమందికి పైగా పరీక్షించి, 2023లో ప్రకటించిన సర్వే ప్రకారము, మన దేశములో సుమారు 10.1 కోట్లమందికి షుగరు ఉన్నది. బోర్డరులో ఉన్నవారు సుమారు 13.6 కోట్లు. అనగా వ్యాధి వచ్చినవారికంటె గుమ్మములో నిలిచినవారే ఎక్కువ. గుమ్మములో నిలిచినవాడు లోపలికీ వెళ్లగలడు, వెనుకకూ తిరగగలడు. బోర్డరులో ఉన్నవారిలో కొందరు వ్యాధిలోనికి వెళ్తారు, కొందరు ఏండ్ల తరబడి అక్కడే ఉంటారు, కొందరు తిరిగి మామూలు స్థితికి వస్తారు. ఎటు వెళ్తామనేది కొంతవరకు మన నడతను బట్టి ఉన్నది.

శరీరములో జరిగేది సులువుగా చెప్పుకుందాము. మనము తిన్న అన్నము గ్లూకోజుగా మారి రక్తములోనికి వచ్చును. క్లోమము అనే గ్రంథి ఇన్సులిన్ను విడుదల చేయును. ఈ ఇన్సులిన్ ఒక తాళపుచెవి వంటిది. అది కండరముల తలుపు తీస్తేనే గ్లూకోజు లోనికి వెళ్లును. చాలాకాలము కదలిక లేక, పొట్టచుట్టు కొవ్వు పేరుకొంటే, ఈ తలుపు మొరాయించును. అప్పుడు క్లోమము ఎక్కువ ఇన్సులిన్ను పంపవలసి వచ్చును. కొన్ని ఏండ్లకు అది అలసిపోవును. బోర్డరు అంటే తలుపు మొరాయిస్తున్నది, క్లోమము అలసిపోతున్నది, కాని ఇంకా పూర్తిగా ఓడిపోలేదు అని అర్థము.

అయితే కండరము పనిచేయునప్పుడు ఒక మేలు జరుగును. కణము లోపల దాగియున్న గ్లూట్-4 అనే ప్రోటీను పైకి వచ్చి, ఇన్సులిన్ పిలువకుండనే గ్లూకోజును లోనికి తీసుకొని వెళ్లును. నడక ముగిసిన తరువాత కూడ, ఒకటి రెండు దినముల వరకు ఇన్సులిన్ మాటను కండరము బాగుగా వినును. అందుకే నడక విషయములో వరుసగా రెండు దినములకు మించి విరామము ఇవ్వవద్దని డాక్టర్లు చెప్తారు. ఆదివారము ఒక్కనాడే రెండు గంటలు నడచి, మిగతా ఆరు దినములు కూర్చుంటే ఆ మేలు వారమంతా నిలువదు.

మొదటి తలంపు: "నాకేమీ లేదు"

ఈ మాట ఎక్కువగా సన్నగా ఉన్నవారు అంటారు. "షుగరు లావుగా ఉన్నవారికి గదా వచ్చేది" అని వారి నమ్మకము. అద్దములో చూచుకుంటే ఏ లోపమూ కనబడదు. అయితే అద్దము లోపలి కొవ్వును చూపించదు.

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో ఒకటి వచ్చింది. ఒకరు పూణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్‌గారు, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్‌గారు. ఇద్దరికీ ఎత్తుకు తగిన బరువు లెక్క, అనగా బి.ఎం.ఐ., ఒక్కటే, 22.3. కాని శరీరములోని కొవ్వును కొలిచి చూస్తే యుడ్కిన్‌గారికి 9.1 శాతము, యాజ్ఞిక్‌గారికి 21.2 శాతము! చూపులకు ఇద్దరూ సన్ననివారే. మన భారతీయుల శరీరములో కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉండుట సాధారణమని దీనివలన అందరికీ తేటపడింది. అందుచేతనే మనకు బరువు హద్దు కూడ తక్కువగా పెట్టారు. పాశ్చాత్యులకు బి.ఎం.ఐ. 25 దగ్గర అధిక బరువు మొదలైతే మనకు 23 దగ్గరే మొదలగును.

గనుక అద్దమును ప్రక్కన పెట్టి, దర్జీ టేపు తీసుకొనండి. ఊపిరి బిగపట్టకుండ, పొట్ట లోపలికి లాగకుండ, బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత చూడండి. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే, మీరు సన్నగా కనబడినా సరే, రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది. కాన్పు సమయములో షుగరు వచ్చి, తరువాత తగ్గిపోయిన సహోదరీలు కూడ "నాకేమీ లేదు" అనుకొనవద్దు. అటువంటివారికి తరువాతి కాలములో షుగరు వచ్చే అవకాశము ఎక్కువ.

రెండవ తలంపు: "పనిచేస్తూనే ఉన్నాను గదా"

ఇది అబద్ధము కాదు. మన తల్లులు బావినుండి నీళ్లు తోడినవారే, రోటిలో పప్పు రుబ్బినవారే, రాతిబండ మీద బట్టలు ఉతికినవారే. మన తండ్రులు నాలుగు మైళ్లు సైకిలు తొక్కి పనికి వెళ్లినవారే. వారు "పని" అన్నప్పుడు అందులో చెమట ఉన్నది. మనము అదే మాట వాడుచున్నాము గాని, బావి స్థానములో మోటారు, రోలు స్థానములో గ్రైండరు, సైకిలు స్థానములో బండి వచ్చాయి. పొయ్యి దగ్గర రెండు గంటలు నిలువబడితే నడుము నొప్పి వచ్చును, కాని కండరము పెద్దగా గ్లూకోజును వాడదు. ఆఫీసులో ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుని, ట్రాఫిక్‌లో విసిగి, రాత్రి ఇంటికి వచ్చినవాడు నిజముగానే అలసిపోయాడు. కాని అలసట వేరు, కదలిక వేరు. మనస్సు అలసినంత మాత్రమున శరీరము పనిచేసినట్లు కాదు.

దీనికి మరొక ప్రక్క కూడ ఉన్నది. నిజముగా కష్టపడుచున్నవారు కొందరు తమ కష్టమును లెక్కలో వేసుకొనరు. "వ్యాయామము అంటే జిమ్ముకు పోయేవారిది, నాది ఉత్త చాకిరీ" అనుకొంటారు. 2007లో అమెరికాలో ఆలియా క్రమ్, ఎలెన్ లాంగర్ అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏడు హోటళ్లలో గదులు శుభ్రపరచే 84 మంది స్త్రీలను పరిశీలించారు. కొందరికి, "మీరు చేసే ఈ పని మంచి వ్యాయామమే, ఆరోగ్యమునకు కావలసినంత కదలిక ఇందులో ఉన్నది" అని వివరించి చెప్పారు. మిగతావారికి చెప్పలేదు. నాలుగు వారముల తరువాత, ఆ మాట విన్నవారి బరువు, రక్తపోటు కొంచెము తగ్గినట్లు కనబడింది. ఇది చిన్న పరిశీలన. తరువాత వేరొకరు ఇటువంటిదే చేసినప్పుడు అదే ఫలితము రాలేదు. గనుక దీనిమీద ఎక్కువ భారము వేయవద్దు.

అయితే 2017లో ఆక్టేవియా జార్ట్, ఆలియా క్రమ్ గార్లు అమెరికాలోని 61,141 మంది వివరములను, గరిష్ఠముగా 21 సంవత్సరముల వరకు గమనించి ఒక సంగతి ప్రకటించారు. "నా వయసువారికంటె నేను తక్కువగా కదలుచున్నాను" అనుకొన్నవారు, "ఎక్కువగా కదలుచున్నాను" అనుకొన్నవారికంటె ఆ కాలములో మరణించే అవకాశము 71 శాతము వరకు ఎక్కువగా కనబడింది. వారు నిజముగా ఎంత కదిలారో లెక్కలో తీసుకొన్న తరువాత కూడ ఈ తేడా నిలిచింది. తలంపు వల్లనే చనిపోయారని దీనివలన రుజువు కాదు. కాని తన్ను తాను ఎప్పుడూ తక్కువగా చూచుకొనుట ఉత్త వినయమని తోసిపుచ్చలేము.

మరి ఎక్కువ అనుకొంటే ప్రమాదము, తక్కువ అనుకొన్నా ప్రమాదము. ఏమి చేయాలి? అనుకొనుట మాని, కొలుచుకొనాలి. మన సంఘములలో అందరికీ తెలిసిన ఒక కొలత ఉన్నది. నడుస్తూ ప్రక్కవారితో మాట్లాడండి. మాట్లాడగలిగి, పాట మాత్రము పాడలేకపోతే, అదే కావలసినంత వేగము. కీర్తన మొత్తము హాయిగా పాడగలుగుచున్నారంటే ఇంకాస్త వేగము పెంచండి. రెండు మాటలకే ఆయాసము వస్తే తగ్గించండి. అటువంటి వేగముతో వారములో 150 నిమిషములైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. గచ్చు గట్టిగా తుడిచినప్పుడు, పొలములో పనిచేసినప్పుడు, నీళ్ల బిందెలు మోసినప్పుడు కూడ ఆ వేగము వస్తే ఆ నిమిషములు లెక్కలో వేసుకొనండి. ఒక వారము పాటు క్యాలెండరు మీద వ్రాసుకొనండి. మీ సంగతి మీకే తెలియును.

మూడవ తలంపు: "నావల్ల కాదు, ఎలాగూ వచ్చేదే"

ప్రియులారా, మూడింటిలో ఎక్కువ బాధ పెట్టేది ఇదే. దీని వెనుక భయమున్నది, సిగ్గున్నది. కుటుంబములో షుగరుతో కాలు పోగొట్టుకొన్నవారిని, చూపు పోగొట్టుకొన్నవారిని చూచినవారు, తమ భవిష్యత్తును కూడ ముందే వ్రాసివేసుకొంటారు.

"వంశములో ఉన్నది" అనే మాటకు లెక్కలో ఎంత బరువు ఉన్నదో చూడండి. చెన్నైలోని డాక్టర్ వి. మోహన్‌గారి బృందము 2005లో మన భారతీయుల కొరకు ఒక ప్రమాద సూచికను తయారుచేసింది. మొత్తము 100 మార్కులు. వయసుకు గరిష్ఠముగా 30, తల్లిదండ్రులిద్దరికీ షుగరు ఉంటే 20, నడుము చుట్టుకొలతకు గరిష్ఠముగా 20, కదలిక లేని జీవితమునకు 30. మొత్తము 60 గాని, ఆ పైన గాని వస్తే ప్రమాదము ఎక్కువ. 52 ఏండ్ల ఒక సహోదరిని ఊహించుకొనండి. తల్లికి మాత్రమే షుగరు ఉన్నది, నడుము 92 సెంటీమీటర్లు, కూర్చుని చేసే పని, వ్యాయామము లేదు. వయసుకు 30, తల్లికి 10, నడుముకు 20, కదలిక లేనందుకు 30. మొత్తము 90. ఇందులో వయసు, తల్లి, అనగా 40 మార్కులు ఆమె చేతిలో లేవు. మిగతా 50 ఆమె మార్చుకొనగలిగినవి. వంశమును మార్చలేము గాని, వంశము ఒక్కటే తీర్పు చెప్పదు.

మాటలు చాలవు, రుజువు కావాలంటారా? చైనాలోని డాచింగ్ పట్టణములో 1986లో బోర్డరులో ఉన్న 577 మందితో ఒక పెద్ద ప్రయత్నము మొదలైంది. కొందరికి మామూలు సలహా, కొందరికి ఆహార నియమము, కొందరికి వ్యాయామము, కొందరికి రెండూ ఇచ్చారు. ఆరేండ్ల తరువాత, మామూలు సలహా పొందినవారిలో 100కు 68 మందికి షుగరు వచ్చింది. వ్యాయామపు గుంపులో 41 మందికి వచ్చింది. ఆ వ్యాయామము ఎంతటిది? చాలామందికి, అంతకుముందు చేసేదానికి అదనముగా, రోజుకు అరగంట నెమ్మది నడక, లేక 20 నిమిషముల వేగపు నడక. అంతే.

ఫిన్లాండులో 522 మందితో జరిగిన పరిశీలన ఫలితము 2001లో, అమెరికాలో 3,234 మందితో జరిగినది 2002లో వెలువడ్డాయి. రెండు చోట్లా ఆహారము, నడక సరిచేసుకొన్నవారిలో షుగరు రావడము 58 శాతము తగ్గింది. అమెరికాలో మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకొన్నవారిలో తగ్గినది 31 శాతము. "నాకు వయసైపోయింది" అనేవారు మరొక సంగతి గమనించండి. అక్కడ 60 ఏండ్లు దాటినవారిలో నడక, ఆహారము వలన కలిగిన తగ్గుదల 71 శాతము. పెద్దవారే ఎక్కువ మేలు పొందారు.

"అదంతా విదేశీయుల సంగతి" అంటారేమో. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్‌గారి బృందము 531 మంది భారతీయులతో చేసిన పరిశీలన 2006లో ప్రచురింపబడింది. కూర్చుని పనిచేసేవారిని రోజుకు అరగంట నడవమన్నారు. ఇదివరకే నడిచేవారిని, సైకిలు తొక్కేవారిని, శరీరకష్టము చేసేవారిని అదే కొనసాగించమన్నారు. మూడేండ్లలో, ఏ ప్రత్యేక సహాయము లేనివారిలో 55 శాతము మందికి షుగరు వచ్చింది. అలవాట్లు మార్చుకొన్నవారిలో 39 శాతము మందికి వచ్చింది. మన ప్రజలలో వ్యాధి ఎంత వేగముగా వచ్చునో ఈ లెక్క చూపుచున్నది. నడిచినవారిలో కూడ కొందరికి వచ్చింది గనుక, నడిస్తే రానే రాదని నేను మీకు చెప్పను. కాని ప్రతి 100 మందిలో 16 మంది ఆ మూడేండ్లలో తప్పించుకొన్నారు. ఇంకొక విశేషము, వీరి బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు. అయినను మేలు కలిగింది. బరువు చూచే యంత్రము మీద సంఖ్య కదలలేదని నిరాశపడి నడక మానివేసేవారు దీనిని జ్ఞాపకముంచుకొనండి.

తలంపు ఎలా మారును?

"ముందు నాకు నమ్మకము కలగాలి, ఆ తరువాత మొదలుపెడతాను" అని మనము అనుకొంటాము. చాలాసార్లు ఇది తలక్రిందులుగా జరుగును. డారిల్ బెమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో ఈ సంగతిని వివరించాడు. మనము ఇతరుల పనులను చూచి వారెటువంటివారో తెలిసికొన్నట్లే, మన పనులను చూచి మనమెటువంటివారమో కూడ నిర్ణయించుకొందుమని అతని అభిప్రాయము. పది దినములు నడిచినవాడు తన్ను తాను "నడిచే మనిషిని" అనుకొనుట మొదలుపెట్టును. అటు తరువాత నడవని దినమే అతనికి వెలితిగా ఉండును.

ఆల్బర్ట్ బండూరా అనే మరొక శాస్త్రవేత్త 1977లో, "నేను చేయగలను" అనే నమ్మకము నాలుగు ఊటలనుండి వచ్చునని చెప్పాడు.

మొదటిది, చేసి చూచిన అనుభవము. అన్నిటిలో ఇదే బలమైనది. అందుకే మొదటి మెట్టు చిన్నదిగా ఉండాలి. చాలామంది పదివేల అడుగులని విని, మూడు వేలకే కాళ్లు లాగితే, "నావల్ల కాదు" అని మానివేస్తారు. పదివేలు అనే సంఖ్య 1965లో జపానులో అడుగులు లెక్కించే ఒక యంత్రమునకు పెట్టిన పేరునుండి వాడుకలోనికి వచ్చింది. 2019లో వెలువడిన ఒక పరిశీలనలో, సగటున 72 ఏండ్ల వయసున్న 16,741 మంది స్త్రీలలో, రోజుకు 2,700 అడుగులు నడిచినవారికంటె 4,400 నడిచినవారిలో మరణాలు 41 శాతము తక్కువగా కనబడ్డాయి. భోజనము తరువాత 15 నిమిషములు చాలు, మొదలుపెట్టండి. 2013లో 60 ఏండ్లు దాటిన పదిమందితో చేసిన ఒక చిన్న పరీక్షలో, మూడు పూటలా భోజనము తరువాత 15 నిమిషముల చొప్పున నడుచుట, ఉదయము ఒకేసారి 45 నిమిషములు నడిచినంతగా రోజంతటి గ్లూకోజును తగ్గించింది. రాత్రి భోజనము తరువాతి గ్లూకోజు విషయములో ఇంకా బాగుగా పనిచేసింది.

రెండవది, మనవంటివారు చేయగా చూచుట. సినిమా హీరో బరువులెత్తుట చూస్తే మనకు నమ్మకము రాదు. చీర కట్టుకొని, మామూలు చెప్పులతో, మోకాళ్ల నొప్పి ఉన్న ప్రక్కింటి పిన్నిగారు సాయంత్రము వీధి చివరిదాకా వెళ్లివచ్చుట చూస్తే, "ఆమె చేయగలిగితే నేను చేయలేనా?" అనిపించును. "ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో" అని జంకుచున్న అక్కగారూ, మిమ్మును చూచి మరొకరు ధైర్యము తెచ్చుకొంటారేమో!

మూడవది, నమ్మినవారి మాట. ఇక్కడ సంఘముగా మనము కొంచెము ఆగి ఆలోచించాలి. గుమ్మములో కలిసినప్పుడు, "ఏమిటమ్మా, ఇంత లావైపోయావు?" అని పలకరించుట మనకు అలవాటు. ప్రేమతోనే అంటాము. కాని ఆ మాట విన్న మనిషి మరునాడు నడకకు వెళ్లదు, అద్దమునుండి కూడ ముఖము త్రిప్పుకొనును. "నిన్న నడిచావట గదా, రేపు నేనూ వస్తాను" అనే మాట కాళ్లకు బలమిచ్చును. అమెరికా పరిశీలనలో ప్రతి ఒక్కరికీ ఒక శిక్షకుని తోడుగా ఇచ్చి, మొదటి ఆరు నెలలలో 16 పాఠములు చెప్పించారు. మన దేశములో 2013లో ప్రచురింపబడిన మరొక పరిశీలనలో, ఉద్యోగము చేసుకొనే 537 మంది పురుషులలో కొందరి ఫోనులకు చిన్న చిన్న సందేశములు పంపారు. రెండేండ్లలో షుగరు వచ్చినవారు సందేశములు అందనివారిలో 27 శాతము, అందినవారిలో 18 శాతము. ముఖ్యముగా భోజనపు అలవాట్లలో మార్పు కనబడింది. ఫోనులో రెండు వాక్యములకు అంత బలముంటే, ప్రక్కన కూర్చున్న మనిషి మాటకు ఎంత బలముండును!

నాలుగవది, శరీరము ఇచ్చే సూచనలను సరిగా చదువుట. చాలాకాలము తరువాత నడిచేవారికి ఊపిరి వేగమగును, గుండె గట్టిగా కొట్టుకొనును, పిక్కలు లాగును. "నాకేదో అయిపోతున్నది" అని భయపడితే మరునాడు కాలు బయట పెట్టరు. "శరీరము పనిచేయుట మొదలుపెట్టింది" అని గ్రహిస్తే కొనసాగుతారు. అయితే ఛాతీలో బరువు, నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకుట, కళ్లు తిరుగుట, చెమటలు పట్టి సొమ్మసిల్లినట్లుండుట, ఇవి వేరు. ఇటువంటివి కలిగితే వెంటనే ఆగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్లండి.

విశ్వాసుల నోట వినబడే రెండు మాటలు

ఈ విషయములో మన మధ్య వినబడే రెండు మాటలను గూర్చి కొంచెము చెప్పాలి. మొదటిది, "పౌలు తిమోతికి వ్రాసిన పత్రికలో శరీర సాధకమును తక్కువ చేసి చెప్పాడు గదా" అనుట. ఆ భాగమును నెమ్మదిగా చదవండి. అపొస్తలుడు భక్తిని దానికంటె పైన ఉంచాడు గాని, శరీర సాధకములో ప్రయోజనమే లేదని చెప్పలేదు. ఆ పత్రిక చదివినవారు ఎక్కడికైనా కాలినడకన వెళ్లినవారే. వారికి నడవమని ఎవరూ చెప్పనక్కరలేదు. మోటారు బండి మీద ప్రార్థనకు వచ్చే మనము ఆ మాటను మన బద్ధకమునకు అడ్డుగా పెట్టుకొనుట న్యాయము కాదు.

రెండవది, "ఏ పాపము చేశానో నాకీ జబ్బు" అనుట. ఇది మనిషిని లోపలనుండి కృంగదీయును. మొరాయించే తలుపును గూర్చి, అలసిన క్లోమమును గూర్చి పైన చెప్పుకున్నాము. అది శరీరపు సంగతి. పుట్టుక, వయసు, కాలము, అలవాట్లు కలిసి తెచ్చినది. మిమ్మును గూర్చి దేవుని తీర్పు ల్యాబు కాగితము మీద వ్రాయబడదు. తన్ను తాను ద్వేషించుకొనేవాడు తన దేహమును ఎక్కువకాలము పోషించుకొనలేడు. దేహమును దేవుని ఆలయమని నమ్మినవారము, ఆ ఆలయమును సిగ్గుతో కాక ఆదరణతో బాగుచేసుకొందుము.

ఈ వారము ఏమి చేయగలము?

ఒక టేపు, ఒక క్యాలెండరు, ఒక తోడు చాలు. నడుము కొలిచి వ్రాసుకొనండి. రెండు పూటల భోజనము తరువాత పది పదిహేను నిమిషములు నడచి, ఆ నిమిషములు వ్రాసుకొనండి. ఎండాకాలములో తెల్లవారుజామున, ప్రొద్దు వాలిన తరువాత నడవండి. వానాకాలములో డాబామీదనో, వరండాలోనో, చర్చి హాలులోనో నడవవచ్చును. వీధిలో ఒంటరిగా వెళ్లుటకు భయముంటే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. మోకాళ్ల నొప్పి ఉన్నవారు కుర్చీలోనుండి చేతుల ఆనిక లేకుండ లేచి కూర్చొనుట పదిసార్లు చేయవచ్చును. తొడ కండరములు పెద్దవి, అవి పనిచేస్తే చాలా గ్లూకోజు ఖర్చగును. గుండె జబ్బు ఉన్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు, ఇప్పటికే షుగరు మాత్రలో ఇన్సులినో తీసుకొనుచున్నవారు తమ డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. నడుచుచున్నాము గదా అని మందులు ఎవరూ సొంతముగా మానివేయవద్దు. బోర్డరులో ఉన్నవారు ఏడాదికొకసారైనా రక్తపరీక్ష తప్పక చేయించుకొనండి.

ఒకటి రెండు దినములు తప్పిపోతే, "చూచావా, నావల్ల కాదని చెప్పానా?" అనే పాత స్వరము మరల వినబడును. దానికి జవాబు క్యాలెండరు మీద ఉన్నది. తప్పిన దినములను మాత్రమే చూడక, నడిచిన దినములను కూడ లెక్కించండి. ఆ గీతలు మీరు మీ కాళ్లతో వ్రాసుకొన్న సాక్ష్యము.

ప్రియ సహోదరుడా, సహోదరీ, 114 అనే సంఖ్య మీరెవరో చెప్పదు. మీరు ఈ దినము ఎక్కడ నిలిచియున్నారో మాత్రమే చెప్పును. ఈ రాత్రి భోజనమైన తరువాత టి.వి. ముందు కూర్చొనక ముందు, చెప్పులు వేసుకొని వీధి చివరివరకు వెళ్లి రండి. వీలైతే ఇంట్లో మరొకరిని కూడ పిలువండి.

దేవుడు మిమ్మును, మీ కుటుంబములను ఆయుష్షుతోను ఆరోగ్యముతోను దీవించును గాక. ఆమేన్.